బొజ్జన్నకొండ మీద రాళ్లు విసిరిన బ్యాచ్ మాది. ఇంతకీ మన గుళ్లలో, ఇళ్లలో బౌద్ధం ఎంత ఉంది?

శారద_ఒడ్డున:

అందరికీ నమస్కారం. మాది అనకాపల్లి దగ్గర. శంకరం గ్రామం పక్కనున్న బొజ్జన్నకొండ పేరు ఇక్కడ చాలామంది వినే ఉంటారు. ఏటా కనుమ నాడు అక్కడ తీర్థం జరుగుతుంది, చుట్టుపక్కల ఊళ్ల జనమంతా ఆ రోజు అక్కడే. మా చిన్నప్పుడు కొండెక్కి, పొట్టలా ఉబ్బినట్టు కనిపించే ఒక కట్టడం మీదికి రాళ్లు విసరడం ఆనవాయితీ. అది రాక్షసుడి బొజ్జ అని పెద్దవాళ్లు చెప్పేవారు, మేం గురి చూసి మరీ విసిరేవాళ్లం. తర్వాత ఇంటాక్ (పాత కట్టడాల్ని కాపాడే సంస్థ) వాళ్లు, పురావస్తు శాఖ వాళ్లు కలగజేసుకుని ఆ రాళ్ల అలవాటు మాన్పించారు. తీర్థం మాత్రం అలాగే ఉంది.

ఇప్పుడు పుణెలో ఉంటున్నాం. మావాడు ఏడో తరగతి. స్కూల్లో బౌద్ధం పాఠం చెప్పారట, ఇంటికొచ్చి నెట్‌లో ఏదో వెతుక్కుని "నాన్నా, నువ్వు చిన్నప్పుడు స్తూపం మీద రాళ్లేశావా?" అని నిలదీశాడు. ఇదేదో సరదాగా ఉందని ఫ్యామిలీ గ్రూప్‌లో పెడితే అక్కడ వేరే యుద్ధం మొదలైంది. మా పెద్దమావయ్యేమో బుద్ధుడు విష్ణుమూర్తి తొమ్మిదో అవతారం, కాబట్టి రెండూ ఒకటే, గొడవే లేదు అంటారు. మా బాబాయి కొడుకు మాత్రం ఆంధ్రాలో పాత గుళ్లన్నీ ఒకప్పటి బౌద్ధ విహారాలే, పంచారామాలు కూడా కబ్జా చేసినవే అంటూ రోజుకో ఫార్వర్డ్ పంపిస్తున్నాడు. ఇద్దరూ నన్ను మధ్యవర్తిని చేశారు, నాకేమో రెండింటిలో దేనికీ ఆధారం తెలీదు.

బొజ్జన్నకొండ గురించి నాకు తెలిసింది చెప్తాను. 1906-08 ప్రాంతంలో అలెగ్జాండర్ రే అనే ఆయన తవ్వించాడు. సముద్రగుప్తుడి బంగారు నాణెం, తూర్పు చాళుక్యుల కుబ్జ విష్ణువర్ధనుడి రాగి నాణేలు దొరికాయి. పక్కనున్న రెండో గుట్ట నిండా రాతిలో తొలిచిన చిన్న చిన్న స్తూపాలు వరసలు కట్టి ఉంటాయి, దూరం నుంచి చూస్తే అచ్చం శివలింగాల్లాగే ఉంటాయి, అందుకే దాన్ని లింగాలకొండ అంటాం. కొండ కింద హారీతి విగ్రహం ఉంది. హారీతి పిల్లల్ని కాపాడే బౌద్ధ దేవత అని నాకు ఈమధ్యే తెలిసింది.

అడగదలచుకుంది ఇది: ఈ ఇద్దరిలో ఎవరి మాట ఎంతవరకు నిజం? మన ఇళ్లలో చేసే పనుల్లో బౌద్ధం వైపు నుంచి వచ్చినవి ఏమైనా ఉన్నాయా? సంక్రాంతికి ఊరొస్తున్నాం, వాడికి చూపించడానికి ఏ చోట్లు బాగుంటాయి?

సూటిమాట:

మీ బాబాయి కొడుకు చెప్పిందే కరెక్ట్. అమరావతి అమరలింగేశ్వరుడు ఎంత పొడుగుంటాడో చూశారా? పూజారి పై అంతస్తు ఎక్కి అభిషేకం చేయాలి. ఎక్కడైనా లింగం అంత ఎత్తుంటుందా? అది బౌద్ధ స్తూపానికి నాలుగు వైపులా నిలబెట్టే ఆయక స్తంభం. తెల్లరాయి కూడా అదే. చేజర్ల కపోతేశ్వరాలయం చూడండి, వెనక గుండ్రంగా ఏనుగు వీపులా ఉంటుంది, అది చైత్యం (బౌద్ధుల ప్రార్థనా మందిరం) కాక మరేంటి? ఉండవల్లిలో పడుకున్నది బుద్ధుడే అని లోకల్ గైడ్లే చెప్తారు. అందరికీ తెలుసు, పైకి ఎవరూ అనరు.

ధరణికోట:

సూటిమాట గారూ, మూడు ముక్కల్లో తేల్చేశారు గానీ మూడూ వేర్వేరు కేసులండీ.

ముందు ఉండవల్లి. అక్కడ పడుకున్నది అనంతశయనుడు. పడగలున్నాయి, పరివారం ఉంది, దగ్గరికెళ్లి చూస్తే అనుమానమే రాదు. ఆ గుహల్ని మొదట తొలిచింది ఎవరి కోసం అన్న చర్చ వేరు, అది నడుస్తూనే ఉంది. కానీ విగ్రహం మాత్రం విష్ణువే. గైడ్లకేముంది, ఎదురుగా ఉన్న టూరిస్టుని బట్టి కథ మారుస్తారు.

చేజర్ల సంగతి ఆసక్తికరం. వెనక భాగం గజపృష్ఠాకారంలో ఉన్న మాట నిజం, అది ఒకప్పటి చైత్యగృహమే అని చాలామంది పండితులు రాశారు కూడా. పైగా స్థలపురాణం శిబి చక్రవర్తి పావురం కోసం తన ఒంటి మాంసం కోసి ఇచ్చిన కథ. అదే శిబి బుద్ధుడి పూర్వజన్మల జాతక కథల్లోనూ ఉన్నాడు, మహాభారతంలోనూ ఉన్నాడు. కాబట్టి అక్కడ మీ వాదనకి బలం ఉంది. కానీ వెనక గుండ్రంగా ఉన్నవన్నీ చైత్యాలే అనుకుంటే గుడిమల్లం ఏం చేస్తారు? అక్కడా గజపృష్ఠమే, లోపలి లింగం దేశంలోనే అతి పాతవాటిలో ఒకటి. నాగార్జునకొండ తవ్వకాల్లో కూడా ఆ ఆకారంలోనే హిందూ గుడులు బయటపడ్డాయి. ఆ రోజుల్లో గుడి కట్టే మేస్త్రీలకి తెలిసిన ప్లాన్లలో అదొకటి, ఎవరు డబ్బులిస్తే వాళ్ల దేవుడికి కట్టారు.

ఇక మా అమరావతి. ఆ లింగం ఆయక స్తంభమే అని చెప్పేవాళ్లు ఉన్నారు, స్థలపురాణం నమ్మేవాళ్లు లింగం పెరిగిపోతుంటే ఇంద్రుడు నెత్తిన శీల కొట్టాడని చెప్తారు. ఎవరి గోల వాళ్లది. కానీ అదే గుళ్లో ఉన్న ఒక స్తంభం గురించి ఎవరూ మాట్లాడరు, నాకు అసలైన సాక్ష్యం అదే అనిపిస్తుంది. దాని మీద 1182 నాటి శాసనం ఉంది. కోట వంశపు రాజు కేతరాజు వేయించింది. ఆయన శివభక్తుడు. శాసనంలో ధాన్యకటకాన్ని (అమరావతి పాత పేరు) వర్ణిస్తూ ఇక్కడ అమరేశ్వరుడున్నాడు, ఆ పక్కనే బుద్ధదేవుడున్నాడు, రకరకాల శిల్పాలతో అలంకరించిన చాలా ఎత్తైన చైత్యం (అంటే స్తూపం) ఉంది అని వరసగా చెప్పి, ఆ బుద్ధుడికి ఊళ్లు రాసిచ్చి, అఖండ దీపాలు పెట్టించినట్టు రాయించాడు. తర్వాత 1234లో బయ్యల అనే ఆవిడ బుద్ధుడికి మరో అఖండ దీపం ఏర్పాటు చేసింది. అంటే కాకతీయుల కాలం దాకా శివుడి గుడీ, బుద్ధుడి చైత్యం పక్కపక్కనే నడిచాయి, ఒకే ఇంటివాళ్లు రెండు చోట్లా నూనె పోయించారు. కబ్జా అన్న మాటకి ఇదెక్కడ సరిపోతుంది? అలాగని అంతా కలిసిపోయింది అనడానికీ లేదు, శాసనంలో ఇద్దరూ విడివిడిగానే ఉన్నారు, బుద్ధుణ్ణి అవతారంగా చెప్పలేదు.

ఆ స్తూపానికి అసలు చావుదెబ్బ చాలా తర్వాత పడింది. 18వ శతాబ్దం చివర్లో రాజా వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అమరావతిని రాజధాని చేసుకుని ఊరు కట్టిస్తున్నప్పుడు దీపాలదిన్నె అనే మట్టిదిబ్బలో రాళ్లు దొరికితే వాటిని కట్టుబడికి తీసుకెళ్లారు. ఆ వార్త విని 1797లో కాలిన్ మెకంజీ వచ్చి చూశాడు. ఆ తర్వాత చెక్కిన పలకల్ని సున్నం బట్టీల్లో కాల్చిన వాళ్లున్నారు, మద్రాసుకి మోసుకెళ్లిన వాళ్లున్నారు, లండన్‌కి ఓడ ఎక్కించిన వాళ్లున్నారు. 1880లో మద్రాసు గవర్నరు హుకుంతో దిబ్బ మొత్తం తవ్వి శుభ్రం చేశారు, చివరికి గొయ్యి మిగిలింది. ఇందులో మతద్వేషం కంటే ఉచితంగా దొరికిన రాయి మీద ఆశే ఎక్కువ.

ఇళ్ల సంగతి అడిగారు కదా. దానికి నాగార్జునకొండ శాసనాలు చదవాలి. 3వ శతాబ్దపు ఇక్ష్వాకు రాజు శాంతమూలుడు అశ్వమేధం చేసినవాడు, కుమారస్వామి భక్తుడు. ఆయన సొంత చెల్లెలు శాంతిశ్రీ మహాచైత్యానికి స్తంభాలు నిలబెట్టించింది. శాంతమూలుడి కొడుకు వీరపురుషదత్తుడి రాణుల్లో ఇద్దరు ఆయన మేనత్త హమ్మసిరి కూతుళ్లే. బౌద్ధ శాసనంలో మేనరికం! అన్నయ్య యాగశాలలో, చెల్లెలు స్తూపం దగ్గర, పిల్లలకి ఇంట్లోనే సంబంధం. మనవాళ్ల ఇళ్లు అప్పటికే ఇలా ఉన్నాయి. మన మతచర్చల్లో రాజుల పేర్లే వినిపిస్తాయి గానీ ఆ విహారాలకి డబ్బు పెట్టింది ఎక్కువగా ఆడవాళ్లు.

మంత్రాలయం_దారి:

ధరణికోట గారూ, 1182 శాసనం సంగతి బాగా చెప్పారు.

నేను పెద్దమావయ్య గారి వాదన గురించి చెప్తాను, ఎందుకంటే మా ఇంట్లో అది రోజూ వినిపిస్తుంది. మాది కర్నూలు వైపు మాధ్వ కుటుంబం. మా నాన్నగారు పూజకి కూర్చుని సంకల్పం చెప్పేటప్పుడు "శాలివాహన శకే, బౌద్ధావతారే, రామక్షేత్రే" అంటారు. అంటే ప్రస్తుతం నడుస్తున్నది బుద్ధావతార కాలం అని, ఆ కాలంలో మేమీ పని చేస్తున్నామని. చిన్నప్పుడు ఆ ముక్క ఎప్పుడూ పట్టించుకోలేదు, టిఫిన్ ఎప్పుడు పెడతారా అనే ధ్యాసే. పెద్దయ్యాక ఒకసారి ఆగి, ఇదేంటి నాన్నా, మనం బుద్ధుడి పేరు చెప్పి వేద మంత్రాలు చదువుతున్నామా అంటే ఆయన నవ్వేసి, నోరు మూసుకుని తీర్థం పుచ్చుకో అన్నారు.

కానీ తొమ్మిదో అవతారం అన్నంత మాత్రాన రెండూ ఒకటైపోవు. పురాణాల్లో ఆ అవతారం ఎందుకు వచ్చిందో చూడండి. భాగవతంలో చెప్పిన కారణం దేవతల శత్రువుల్ని మోహింపజేయడానికి అని. అంటే బుద్ధుణ్ణి దేవుడిగా ఒప్పుకుంటూనే ఆయన బోధని తప్పుదారి కింద జమకట్టారు. దండ వేశారు గానీ మాట వినలేదన్నమాట. అదే 12వ శతాబ్దంలో జయదేవుడి దగ్గరికి వచ్చేసరికి స్వరం మారింది. దశావతార స్తుతిలో ఆయన, యజ్ఞాల్లో పశువుల్ని చంపడం చూసి జాలిపడి వేదవిధిని నిందించినవాడా అని బుద్ధుణ్ణి పొగిడాడు. అది మన భజనల్లో, కూచిపూడి వేదికల మీద ఇప్పటికీ పాడుతున్నాం. మన తెలుగు పటాల్లో చాలా చోట్ల తొమ్మిదో స్థానంలో బుద్ధుడు ఉండడు, బలరాముణ్ణి వేస్తారు. అంటే ఈ విషయంలో హిందువుల్లోనే ఏకాభిప్రాయం లేదు.

ఇంకో మాట. రావిచెట్టు ప్రదక్షిణ బౌద్ధం నుంచి వచ్చిందని చాలామంది రాస్తుంటారు. మొహెంజోదారో ముద్రల మీదే రావి కొమ్మల మధ్య నిలబడ్డ దేవత ఉంది. బుద్ధుడు కూడా అప్పటికే జనం మొక్కుతున్న చెట్టు కిందే కూర్చున్నాడు. పూర్ణకుంభమూ అంతే. అమరావతి పలకల మీద తామరలు నిండిన పూర్ణఘటం ఎంత అందంగా ఉంటుందో, 2018లో ఆంధ్రప్రదేశ్ రాజముద్రని అమరావతి శిల్పాన్ని చూసే తయారు చేశారు. అదే కలశం మా ఇంట గృహప్రవేశానికీ పెడతాం. ఎవరు ఎవరి దగ్గర తీసుకున్నారు అని లెక్క తేల్చబోతే తేలదు.

నీలిజెండా:

పై మూడు పోస్టులూ చదివాను. అందరూ 1182 దగ్గరా, 3వ శతాబ్దం దగ్గరా ఆగిపోయారు. బౌద్ధం అంటే మ్యూజియంలో రాయి కాదండీ, మా ఇంట్లో గోడ మీదున్న ఫొటో.

మాది ప్రకాశం జిల్లా. మా తాతయ్య తరం నుంచి అంబేద్కర్ గారి దారిలో ఉన్న కుటుంబం. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో ఆయన దీక్ష తీసుకుని, వచ్చినవాళ్ల చేత 22 ప్రతిజ్ఞలు చేయించారు. అందులో ఐదోది ఏంటో తెలుసా? బుద్ధుడు విష్ణువు అవతారమని నేను నమ్మను అని. ఈ ఒక్క వాక్యం అందులో ఎందుకు పెట్టారో శారద గారి పెద్దమావయ్య ఒకసారి ఆలోచించాలి. "అంతా ఒకటేలే" అనే మాట వినడానికి తియ్యగా ఉంటుంది. కానీ ఎవరినైతే గుడి గడప తొక్కనివ్వలేదో వాళ్లు వేరే ఇల్లు వెతుక్కుని వెళ్తే, ఆ ఇల్లు కూడా మాదేనమ్మా అన్నట్టుంటుంది మాకు. మా తాతయ్యని చిన్నప్పుడు సొంత ఊరి గుళ్లోకి రానివ్వలేదు, బయట నిలబడి ప్రసాదం దోసిట్లో వేయించుకున్నాడు. ఆయనకి శాంతమూలుడి చెల్లెలి కథ చెప్తే ఏమనేవాడో.

అలాగని మా ఇంట్లో అంతా గీత గీసినట్టు ఉంటుందనుకోకండి. మా అన్నయ్య పెళ్లి త్రిశరణం, పంచశీల చెప్పించి చేశాం. పురోహితుడు లేడు, ముహూర్తం చూడలేదు, వధూవరులు తెల్లబట్టలు కట్టుకున్నారు. తాళి ఉండాలా వద్దా అన్న దగ్గర మాత్రం పెద్ద రభస. మా వదిన వాళ్లమ్మ మెడలో ఏదీ లేకుండా పిల్లని పంపను అని భీష్మించుకుంది. ఆవిణ్ణి ఒప్పించడానికి మా నాన్న ఉపన్యాసాలన్నీ అయిపోయాయి, చివరికి నల్లపూసల దండ ఒకటి వేసి రాజీ కుదిర్చారు. మా నాయనమ్మ సరేసరి, బుద్ధపూర్ణిమకి పాయసం వండి అందరికీ పంచుతుంది, పోలేరమ్మ కొలుపుకి ఊరందరికంటే ముందుంటుంది. అమ్మా, ప్రతిజ్ఞ చేశావు కదా అని నాన్న అంటే, పోలేరమ్మ ఆ లిస్టులో లేదురా అని తేల్చేసింది. పేరు పెట్టి చూస్తే నిజంగానే లేదు!

కాబట్టి మీ అబ్బాయికి చెప్పేటప్పుడు బౌద్ధం మన నేల మీద ఒకప్పుడు ఉండి పోయింది అని మాత్రం చెప్పకండి. పోయింది నిజమే, కొందరు పట్టుబట్టి వెనక్కి తెచ్చుకున్నారు, అది కూడా చెప్పండి. పుణెలోనే ఉన్నారు కదా, ఏప్రిల్ 14న మీ ఊళ్లో బయటికొస్తే చాలు, వాడికి పాఠం అక్కర్లేదు.

కొలంబో_కబుర్లు:

నీలిజెండా గారు చెప్పింది చదివాక కాసేపు ఆలోచిస్తూ ఉండిపోయాను. మీ నాయనమ్మ గారికి నా నమస్కారాలు చెప్పండి.

నేను ఉద్యోగరీత్యా శ్రీలంకలో ఉంటున్నాను. ఇక్కడ ఈ రెండూ ఎలా సర్దుకున్నాయో చెప్తాను, మన దగ్గరికి దీనికి గట్టి లింకే ఉంది. ఇక్కడ బౌద్ధ గుళ్ల ఆవరణలోనే విష్ణువుకీ, కతరగమ దేవుడికీ (అంటే మన సుబ్రహ్మణ్యస్వామి) చిన్న గుళ్లు ఉంటాయి, వాటిని దేవాలె అంటారు. విష్ణువు ఇక్కడ ఈ ద్వీపంలో బౌద్ధాన్ని కాపాడే కాపలాదారు, బుద్ధుడి అవతారం ఊసే లేదు. నా పక్క సీట్లో పనిచేసే సింహళ అతను ప్రమోషన్ టైమ్‌లో పళ్ల తట్ట పట్టుకుని దేవాలెకి వెళ్లాడు. అక్కడ కపురాల అని పూజారి ఉంటాడు, అతను మన గోడు దేవుడికి విన్నవిస్తాడు. మరి బుద్ధుణ్ణే అడగొచ్చు కదా అంటే, ఆయన్ని అలాంటివి అడగరు, ఆయన అన్నీ వదిలేసి వెళ్లినవాడు, ఆయన దగ్గర ప్రమోషన్లు ఎక్కడుంటాయి అన్నాడు. చాలా ప్రాక్టికల్ మనుషులు! బుద్ధుడికి పూలు పెట్టి నమస్కారం, దేవుళ్లకి అర్జీలు. కాండీలో ఏటా జరిగే పెరహెర ఉత్సవంలో బుద్ధుడి దంతధాతువు ఊరేగింపుతో పాటు నాథ, విష్ణు, కతరగమ, పత్తిని దేవాలెల ఊరేగింపులు కూడా కలిసి నడుస్తాయి.

ప్రతి పున్నమికీ ఇక్కడ సెలవు. ఆ రోజు మందు, మాంసం అమ్మరు. వెసాక్‌కి (మన బుద్ధపూర్ణిమ) వీధి వీధికీ దన్సల్ అని పందిళ్లు వేసి వచ్చినవాళ్లందరికీ ఉచితంగా అన్నం పెడతారు, కార్లు ఆపి మరీ తినమంటారు. మొదటిసారి చూసినప్పుడు అయ్యప్ప మండల పూజల టైమ్‌లో మన ఊళ్లోని అన్నదానమే గుర్తొచ్చింది.

లింక్ ఏంటంటే, కాండీ దగ్గర గడలాదెణియ అని ఒక గుడి ఉంది, 1344 నాటిది. కట్టిన స్థపతి గణేశ్వరాచారి, దక్షిణాది మనిషి. చూడ్డానికి మన రాతి మండపాల్లాగే ఉంటుంది, లోపల బుద్ధుడు, ఆనుకునే విష్ణువు దేవాలె. అక్కడ బండ మీద ఉన్న శాసనంలో ధర్మకీర్తి అనే భిక్షువు ధాన్యకటకంలో రెండంతస్తుల విగ్రహశాలని బాగు చేయించాడని ఉంది. అంటే ధరణికోట గారు చెప్పిన 1234 దీపం తర్వాత ఇంకో వందేళ్లకి పైగా గడిచినా అమరావతికి సింహళ భిక్షువులు వచ్చి మరమ్మతులు చేయిస్తున్నారు. అంతకుముందు నాగార్జునకొండలో సింహళ విహారమే ఉండేది కదా. ఆ బండ ముందు నిలబడి అది మన కృష్ణ ఒడ్డు గురించి అని తెలుసుకున్నప్పుడు భలే అనిపించింది, పక్కన చెప్పుకోవడానికి తెలుగువాడు ఒక్కడూ లేడు.

సూటిమాట:

శ్రీలంక సంగతి సరే. అక్కడ బౌద్ధులు మెజారిటీ కాబట్టి విష్ణువుని కాపలాకి పెట్టారు. ఇక్కడ హిందువులు మెజారిటీ కాబట్టి బుద్ధుణ్ణి అవతారం చేశారు. ఎవరి ఇంట్లో వాళ్లు పెద్ద. నేను చెప్పేది అదే.

పాలేరు_పిల్లోడు:

సూటిమాట అన్నా, ఈ ఒక్క పోస్టు మాత్రం బాగుంది, నేను ఒప్పుకుంటున్నా.

మాది ఖమ్మం జిల్లా. మా నేలకొండపల్లిలో పెద్ద స్తూపం ఉంది, కానీ మా ఊరోళ్లని అడగండి, అది విరాటరాజు దిబ్బ. పాండవులు అజ్ఞాతవాసం చేసింది ఇక్కడే అంటరు, కీచకుణ్ణి చంపిన కీచకగుండం కూడా చూపిస్తరు. చిన్నప్పుడు భీముడు ఇక్కడ వంట చేసిండంటే నిజమే అనుకుని ఆ మట్టిలో బొగ్గు కోసం వెతికినం. దేశం మొత్తంల ఎక్కడ పాత గుహ ఉన్నా, దిబ్బ ఉన్నా పాండవుల పేరు మీదనే ఉంటది కదా. బౌద్ధం గుర్తున్నోళ్లు ఊళ్లె మిగల్లేదు, కట్టడం మాత్రం కళ్ల ముందే ఉంది, మరి దానికి ఏదో ఒక కథ కావాలె. మీ బొజ్జన్న రాక్షసుడు కూడా గట్లనే పుట్టి ఉంటడు. ఎవరో కుట్ర చేసి రాళ్లు వేయించిండ్రనుకోను. మర్చిపోయిండ్రు, అంతే. కానీ నీలిజెండా అక్క చెప్పినట్టు అది ఎందుకు అంత గట్టిగ మర్చిపోయిండ్రన్నది కూడా ఆలోచించాలె.

హైదరాబాద్ గురించి ఎవరూ అనలేదు గనక నేను అంటున్నా. హుస్సేన్‌సాగర్ బుద్ధుడు. 1990లో నీళ్ల మీదుగా తీసుకపోతుంటే బార్జి ఒరిగి విగ్రహం మునిగిపోయింది, మనుషులు కూడా చనిపోయిండ్రు. రెండేండ్లకి పైగా నీళ్ల అడుగునే ఉండి, 1992 డిసెంబర్‌ల లేచి నిలబడ్డడు. అభయముద్రల ఆయన అట్ల నిలబడి ఉంటే, నిమజ్జనం రోజు చుట్టూ క్రేన్లు, డీజేలు, గణపతులు వరసగా నీళ్లలోకి పోతుంటయి. ఆ రాత్రి ట్యాంక్‌బండ్ మీద నిలబడి ఆ సీన్ ఒక్కసారి చూపించండి మీ పిలగానికి. సంక్రాంతికి అయితే దొరకదనుకోండి.

శారద_ఒడ్డున:

అందరికీ చాలా థ్యాంక్స్. నీలిజెండా గారి పోస్టు మా ఫ్యామిలీ గ్రూప్‌లో యథాతథంగా పెట్టాను. పెద్దమావయ్య నుంచి ఇంతవరకు రిప్లై లేదు, నీలిటిక్కులు మాత్రం పడ్డాయి. బాబాయి కొడుక్కి 1182 శాసనం పంపిస్తే ఫేక్ అన్నాడు. అంటే ఇద్దరికీ సమానంగానే నచ్చలేదు, నాకు కొంచెం ప్రశాంతంగా ఉంది.

మావాడికి మాత్రం మేనరికం ముక్క చెప్తే తెగ నవ్వాడు. అయితే తాతయ్యా నాయనమ్మా కూడా ఇక్ష్వాకులేనా అంటాడు.

ధరణికోట గారూ, అనకాపల్లి నుంచి కారులో బయల్దేరి అమరావతి దాకా రావాలనుకుంటున్నాం. దారిలో ఏవి చూస్తే పిల్లాడు బోర్ ఫీలవ్వడో చెప్పగలరా? గుళ్లు మరీ ఎక్కువైతే మా ఆవిడకి ఆనందమే గానీ వాడికి కష్టం.

ధరణికోట:

తప్పకుండా. దారిలో ఏలూరు దాటకముందే లోపలికి తిరిగి గుంటుపల్లి చూడండి, కామవరపుకోట వైపు, జీలకర్రగూడెం అని అడిగితే చెప్తారు. మెట్లెక్కాలి, ఎండ పడకముందే వెళ్లండి. అక్కడ గుండ్రటి గుహ ఒకటుంది. లోపలికెళ్లి వాణ్ణి తలెత్తి పైకప్పు చూడమనండి, కొండరాతినే పూరింటి కప్పు లోపల వాసాలు కనిపించేటట్టు చెక్కారు. క్రీస్తుపూర్వపు తెలుగు నేల మీద చెక్కపని ఎలా ఉండేదో ఆ రాయిలో చూడొచ్చు, చెక్క ఒక్కటీ మిగల్లేదు కదా. మధ్యలో ఉన్నది స్తూపమే, జనం మాత్రం ధర్మలింగేశ్వరుడని కొలుస్తారు, శివరాత్రికి తిరనాళ్ల జరుగుతుంది. ఎవరూ రాళ్లు వేయరు, పాలు పోస్తారు. మీ ఊరికీ దీనికీ తేడా వాడికే అర్థమవుతుంది, మీరు ఏమీ చెప్పక్కర్లేదు.

అమరావతిలో పురావస్తు మ్యూజియం శుక్రవారం మూసేస్తారు, అది చూసుకుని ప్లాన్ చేసుకోండి. మంచి పలకలన్నీ చెన్నైలోనూ లండన్‌లోనూ ఉన్నాయి కాబట్టి ఇక్కడ ఉన్నవి చూసి నిరుత్సాహపడొద్దు. స్తూపం దగ్గర కూడా ఎత్తైనదేదో ఉంటుందని ఆశపెట్టి తీసుకురాకండి, చుట్టూ రాళ్లు పాతిన పెద్ద మట్టి గుండ్రం ఉంటుంది, అంతే. ముందే పలకల ఫొటోలు ఫోన్‌లో పెట్టుకుని అక్కడ నిలబడి చూపిస్తే పిల్లలకి బాగా ఎక్కుతుంది. గుళ్లోకి వెళ్లినప్పుడు కేతరాజు శాసనం ఎక్కడ అని అడగండి, అడిగే భక్తులు తక్కువ కాబట్టి ఒక్కోసారి వింతగా చూస్తారు, పట్టించుకోవద్దు. నాగార్జునకొండకి వెళ్లాలంటే అది వేరే రోజు పెట్టుకోండి, లాంచీ టైమింగులు నీళ్లని బట్టి మారుతుంటాయి, ముందు రోజే ఫోన్ చేసి కనుక్కోవడం మంచిది. అక్కడ మ్యూజియానికీ శుక్రవారమే సెలవు.